కార్లాఫ్ వేసినది దయ్యం వేషమా, భూతం వేషమా?

ప్రశ్న: మిత్రులకు నమస్కారం. హాలీవుడ్ నటుడు బోరిస్ కార్లాఫ్ మీద చిన్న వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఎన్నో ఏళ్లు చిన్నాచితకా వేషాలు వేసిన ఆయన పేరు 1931లో జేమ్స్ వేల్ తీసిన 'ఫ్రాంకెన్‌స్టయిన్'తో మారుమోగింది. అయితే ఫ్రాంకెన్‌స్టయిన్ అన్నది అందులో కార్లాఫ్ వేసిన ఆకారాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త పేరు. ఆకారానికి పేరే లేదు. సినిమా మొదట్లో వచ్చే పట్టికలో ఆ పాత్రకు ఎదురుగా నటుడి పేరు కూడా ఉండదు, ప్రశ్నార్థకం ఉంటుంది. తెలుగులో ఏమనాలి? 'దయ్యం' అని రాసి కొట్టేశాను. 'రాక్షసుడు' అని రాసి అదీ కొట్టేశాను.

జవాబు: కొట్టేసి మంచి పని చేశారండీ. దయ్యానికి ఒళ్లుండదు, ఇక్కడున్నదే ఒళ్లు, అదీ శవాల ముక్కలు కుట్టినది. (దయ్యం 'దైవం'కు వికృతి అన్నది వేరే కథ.) రాక్షసుడికి తల్లీతండ్రీ, వంశమూ ఉంటాయి. శవంలో దూరేవాడు కనుక 'బేతాళుడు' అంటే?

మరొకరు: బేతాళుడు కుదరడు మాస్టారూ. ఆయన కథలు చెప్పి చిక్కుప్రశ్నలు వేస్తాడు. కార్లాఫ్ ఆ సినిమాలో ఒక్క మాటా పలకడు, మూలుగులే. 1935 నాటి రెండో సినిమాలో మాటలు పెడితే ఆయనకు నచ్చలేదు కూడా. పత్రికలవాళ్లు వాడే 'భస్మాసురుడు' కూడా సగమే సరి. శివుడు వరమిచ్చాడు గానీ వాడిని తయారు చేయలేదు కదా.

నా ఓటు 'భూతం'. 'భూ' ధాతువు నుంచి వచ్చిన మాట, 'అయినది, కలిగినది' అని అర్థం. భూతకాలం, పంచభూతాలు అందులోవే. సర్వభూతాలు అంటే ప్రాణులన్నీ. భయం తర్వాత అంటుకున్నది. 'భూతదయ' అని ఇప్పటికీ అంటున్నాం. సరస్సు ఒడ్డున చిన్నపిల్లతో కలిసి పువ్వులు నీళ్లలో వేసే ఘట్టం గుర్తుందా? పువ్వులు అయిపోతాయి. పువ్వు తేలింది కనుక పిల్లా తేలుతుందనుకుని ఎత్తి వేస్తాడు. మేకప్ నిపుణుడు జాక్ పియర్స్ గంటల తరబడి వేసిన ఆ రంగు కింద ముఖం కదిలేదే తక్కువ. ఆ చేతుల తత్తరపాటు చూడండి. అక్కడ జాలి కలగకపోతే అది 'దయ్యమే' అయి ఉండేది.

ప్రశ్న వేసినవారు: 'భూతం' ఖాయం చేస్తున్నాను. కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, తండ్రి మన దేశంలో ఉప్పు పన్ను శాఖలో పనిచేశాడు, ఇవి కూడా వ్యాసంలో వస్తాయి. ఇంకొక చిక్కు మిగిలింది. 1932లో ఆయన వేసిన ఈజిప్టు శవం వేషాన్ని 'మమ్మీ' అని రాస్తే, మా ఇంట్లో పిల్లలు వాళ్ల అమ్మ వైపు చూసి నవ్వుతున్నారు.