తాతల తాళపత్రాలు యూనివర్సిటీకి ఇయ్యాల్నా, ఇంట్లనే ఉంచుకోవాల్నా?

పానగల్లు వాసి: అటక మీద తాటాకు కట్టలు ఏడు దొరికినయి. చెక్కబద్దల నడుమ తాడేసి కట్టినవి. ఉస్మానియా లైబ్రరీకి ఇయ్యమని మా బావ అంటుండు. ఏం చేయమంటరు?

మూసీ ఒడ్డు: ఇయ్యకు. మా నాయన ఒక లైబ్రరీకి రెండు కట్టలు ఇచ్చిండు. రసీదు లేదు. చూద్దామని పోతే లెటర్ తెమ్మన్నరు, తెస్తే సారు లేడన్నరు. నల్లగొండ నుంచి మూడుసార్లు బస్సెక్కిన. మా తాత చేతిరాత నాకే సూపియ్యరా?

పాలమూరు టీచర్: రసీదు తీసుకోకపోవుడు మీ నాయన పొరపాటు, తమ్మీ. అటక మీద ఆకు ఎండి పెళుసుబారుతది, పురుగు పొక్కలు పెడతది. లైబ్రరీలల్ల నిమ్మగడ్డి నూనె రాస్తరు. ఆకు మెత్తబడతది, పురుగు దగ్గరికి రాదు.

మూసీ ఒడ్డు: నూనె మేం రాయలేమా? మా అమ్మ ఏటేటా రాసేది.

పాలమూరు టీచర్: ఏ నూనె? మంచినూనె రాస్తే జిడ్డుకు దుమ్మంతా పడతది.

మూసీ ఒడ్డు: మా అమ్మకు తెల్వదంటరా?

దేవరకొండ: నూనె సంగతి పక్కన పెట్టండి. ముందు ఫొటోలు తీయండి.

గద్వాల: నల్లగొండల 2007ల, పాలమూరుల 2008ల యూనివర్సిటీలు వచ్చినయి. జిల్లాలనే ఇయ్యరాదా?

పాలమూరు టీచర్: యాడిచ్చినా సరే, బయటికి రావాలె. తెలంగాణల కవులే లేరన్నోళ్లకు సురవరం ప్రతాపరెడ్డి 1934ల గోలకొండ కవుల సంచికతోటి 354 మందిని సూపెట్టిండు. పద్యాలు ఇండ్లల్లనే దాసుకుంటే ఆ పుస్తకం వస్తుండెనా?

మూసీ ఒడ్డు: మీ ఇంట్ల కట్టలు లేవు కాబట్టి పక్కోళ్లయి ఇయ్యమంటున్నరు.

పాలమూరు టీచర్: లేవు. ఎందుకు లేవో ఇను. మాది కుమ్మరింటి పుట్టుక. మా కులం కథ రాసిన కట్ట ఊర్లె ఒక పెద్దింట్ల ఉండె. ఒక్కసారి చదివి ఇనిపియ్యుమని మా తాత పోతే అరుగు ఎక్కనియ్యలే. ఆ ఇల్లు కూలిననాడు కట్ట మట్టిల కలిసింది. లైబ్రరీల ఉండి ఉంటే నేను చీటీ రాసిచ్చి, కూసొని చదువుకుందును. ఇంట్ల ఉండుడంటే నీకు భద్రం. మాకు మూసిన తలుపు.

మూసీ ఒడ్డు: గా సంగతి నాకు తెల్వదు అన్నా. తప్పుగ మాట్లాడిన. కానీ నన్ను గూడ మూడుసార్లు తలుపు కాడ్నే నిలబెట్టిండ్రు గదా. అక్కడ నాకు మా తాత మనవడినన్న మాటే చెల్లలే.

పాలమూరు టీచర్: అట్లయితే ఇచ్చేటప్పుడే కాయితం మీద రాయించుకోవాలె. ఎవరిచ్చిండ్రు, ఎన్ని ఆకులు, అడిగినోళ్లకు ఎవరికైనా సూపియ్యాలె అని.

మూసీ ఒడ్డు: రాసిస్తరా వాళ్లు? రాసిచ్చిన లైబ్రరీ ఒక్కటి సూపియ్యి, అప్పుడు నేను గూడ ఇయ్యమంట.

పానగల్లు వాసి: ఒక కట్టకు తాడు తెగింది. విప్పి లెక్కపెట్టాల్నా?

పాలమూరు టీచర్: విప్పకు తమ్మీ, ఆకుల వరుస చెదురుతది. ఎట్లున్నది అట్లనే తెల్లబట్టల చుట్టి పెట్టు. ఆదివారం నేనే వస్త.