ఇంటి వంటకి హోటల్ పద్ధతి పనికొస్తుందా?

బరంపురం మాస్టరు:
18 ఏళ్లుగా హోటల్ వంటగదిలో ఉన్నాను. సెలవు దొరికితే ఇంట్లో వండడం నాకు పండగే. పొయ్యి వెలిగించకముందే అన్నీ తరిగి, కొలిచి, గిన్నెల్లో సర్దుకుంటాను. ఫ్రెంచివాళ్లు దీన్ని మీజాన్‌ప్లాస్ అంటారు. మొన్న ఆదివారం దాల్మా వండాను. కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ ఉడికాక నేతిలో పంచఫుటణ పోపు: మెంతులు, ఆవాలు, జీలకర్ర, సోంపు, నల్ల జీలకర్ర. మెంతులు ఎర్రబడ్డాక మాడి చేదెక్కడానికి క్షణం చాలు. అప్పుడు ఎండుమిర్చి కోసం డబ్బాలు వెతికితే పోపు పోయినట్టే. అన్నీ చేతికందేలా ఉంటే ఆ వాసన తీరిగ్గా పీల్చుకోవచ్చు. అందరూ ఇలా చేస్తే వంట భారం అనిపించదంటాను.

పర్లాకిమిడి కోడలు:
మాస్టరుగారూ, మీది సెలవు రోజు వంట, నాది 365 రోజుల వంట. ఏడున్నరకి పిల్లల బడి ఆటో వచ్చేస్తుంది. పది గిన్నెల్లో సర్దితే ఆ పదీ తోమేదెవరు? మా అత్తగారు పప్పు పొయ్యి మీద పడేశాకే కత్తిపీట ముందు కూర్చుంటారు. వంకాయ తరిగి ఉప్పునీళ్లలో వేసి, పప్పు మెత్తబడే వేళకి లేస్తారు. పొయ్యీ ఖాళీగా ఉండదు, చెయ్యీ ఖాళీగా ఉండదు. అదీ పద్ధతే, ఏ హోటలూ నేర్పనిది.

రాయగడ నుంచి:
నేను ఒంటరిగా ఉంటాను. నైట్ డ్యూటీ చేసొచ్చి వండుకునేవాడికి మాస్టరు మాటే నయం. నిద్రమత్తులో సగం వంటలో ఉప్పు వెతుక్కోవడం నరకం.

బరంపురం మాస్టరు:
అమ్మా, గిన్నెల మాట నిజం. హోటల్లో తోమడానికి వేరే మనిషి ఉంటాడు, అది నాకు తోచనే లేదు. ఒక్క పెద్ద పళ్లెంలో కుప్పలుగా పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకోటి, హోటల్లో వందో ప్లేటూ మొదటి ప్లేటులాగే ఉండాలి. ఇంట్లో ఆ బలవంతం లేదు. రుచి చూస్తూ, ఈ పూట పులుపు కాస్త పెంచుదాం అనుకోవచ్చు. నాకు అసలు సంతోషం అక్కడే.

పర్లాకిమిడి కోడలు:
పళ్లెం బాగుంది, రేపే చూస్తాను. కానీ మీ సంతోషానికి కారణం ముందే తరిగి పెట్టుకోవడం కాదండీ, ఎప్పుడో ఒకరోజు వండడం. నెల్లాళ్లు రోజూ వండి, అంట్లు కూడా తోమి, అప్పుడు రాయండి.

బరంపురం మాస్టరు:
మీ మాట మా ఆవిడకి చదివి వినిపించాను. "ఇందులో తప్పేముంది?" అంది. రేపట్నుంచి నెల్లాళ్లు పొద్దుటి వంట, అంట్లు నావి. మెంతుల దగ్గర మాత్రం నా మాట నాదే.