కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులకు ఏ శిక్షణ నిజంగా పనికొస్తుంది?

ప్రశ్న: గుణుపురం ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడ జిల్లాలో గుణుపురం దగ్గర ఉన్న ఒక ఒడియా మాధ్యమ ప్రాథమికోన్నత పాఠశాలలో గణితం, సైన్సు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి ఇది రెండో ఏడు. మా ఇంటి భాష తెలుగు. తరగతిలో ఎక్కువమంది సవర పిల్లలు, కొందరు తెలుగు పిల్లలు. పుస్తకమూ పరీక్షా మాత్రం ఒడియాలో ఉంటాయి.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక దీక్షాలో నిష్ఠా అనే ఉపాధ్యాయ శిక్షణ మాడ్యూళ్లు చేశాను, ధ్రువపత్రాలు వచ్చాయి. వాటిలో చెప్పిన విషయాలు మంచివే. కానీ నాలుగో తరగతిలో స్థాన విలువ చెప్పేటప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే అయోమయానికి ఆ మాడ్యూళ్లలో నాకు జవాబు దొరకలేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి వెచ్చించాలని చెబుతోంది. ఆ గంటలను కేవలం లెక్క కోసం నింపడం నాకు ఇష్టం లేదు.

అందుకని పెద్దలను మూడు విషయాలు అడుగుతున్నాను. సరిహద్దు దాటితే పార్వతీపురం దగ్గరే కనుక ఆంధ్రప్రదేశ్‌లో తెలుగులో జరిగే ఉపాధ్యాయ శిక్షణలకు నేను వెళ్లే వీలుందా? దూరవిద్యలో మరో డిగ్రీ ఇప్పుడే మొదలుపెట్టడం మంచిదా, కొన్నాళ్లు ఆగాలా? అన్నిటికన్నా ముఖ్యంగా, నాలాంటి కొత్తవారు మొదటి మూడు నాలుగేళ్లలో దేని మీద దృష్టి పెట్టాలి?

జవాబు: పర్లాకిమిడి విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, మీ మూడో ప్రశ్నకే నేను జవాబు చెబుతాను. మిగిలిన రెండూ నిబంధనలకు సంబంధించినవి, తెలిసినవారు చెబుతారు.

మీరు ప్రస్తావించిన విధాన పత్రంలోనే, ఆ 50 గంటలు ఉపాధ్యాయుల సొంత ఆసక్తులను బట్టి సాగాలని కూడా ఉంది. ఆ మాటను మన వ్యవస్థ అంతగా పట్టించుకోలేదు. అందరికీ ఒకే మాడ్యూలు, ఒకే గడువు అన్న పద్ధతిలో ఆ మాటకు చోటు మిగలదు. మీరు మాత్రం దాన్ని గట్టిగా పట్టుకోండి. ఏడాదికి ఒక్క సమస్యను ఎంచుకోండి. అది మీ తరగతి నుంచి పుట్టినదై ఉండాలి. చదివే పుస్తకమైనా, చూసే వీడియో అయినా, వెళ్లే శిక్షణ అయినా ఆ సమస్యకు పనికొచ్చేలా చూసుకోండి. మీకు సమస్య దొరికే ఉంది: స్థాన విలువ.

దీని గురించి ఒక సంగతి మీకు తప్పక చెప్పాలి. సవర భాషలో సంప్రదాయ లెక్క పది మీద నడవదు. పన్నెండు దాకా సంఖ్యలకు పేర్లున్నాయి. పదమూడును పన్నెండు, ఒకటి అనీ, పందొమ్మిదిని పన్నెండు, ఏడు అనీ అంటారు. ఆపైన ఇరవై కట్ట అవుతుంది. ముప్పై తొమ్మిది అంటే ఇరవై, పన్నెండు, ఏడు. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. మన పుస్తకం పదుల కట్టలతో మొదలవుతుంది. ఇంట్లో పెద్దలు పన్నెండుతోనూ ఇరవైతోనూ లెక్కపెడుతుంటే విన్న పిల్లవాడికి పదిని కట్టగా ఎందుకు కట్టాలో దానంతట అదే తోచదు. మీ పిల్లల ఇళ్లలో ఈ లెక్క ఎంతవరకు వాడుకలో ఉందో వారి అవ్వలనూ తాతలనూ అడిగి తెలుసుకోండి. వాడుకలో ఉంటే ఒకే గింజల కుప్పను పన్నెండులుగా, ఇరవైలుగా, పదులుగా మూడు విధాలా కట్టించి చూపండి. అడగడానికీ, రాసుకోవడానికీ, పాఠం తయారు చేసుకోవడానికీ పట్టే కాలమంతా వృత్తి వికాసమేనని నా నిశ్చితాభిప్రాయం.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి గారికి అప్పటికి పదిహేడేళ్లు. తెలుగు తెలిసిన ఒక సవర వ్యక్తిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు, తర్వాత సవర పిల్లల కోసం బడులు పెట్టించారు. ఆయనకు ఏ శిక్షణ సంస్థా పాఠ్యప్రణాళిక ఇవ్వలేదు. ఒడిశా ప్రభుత్వం 2006-07లో మొదలుపెట్టిన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర భాష కూడా ఉంది. ఆ కార్యక్రమపు పుస్తకాలు మీ బడికి రాకపోయినా మీ క్లస్టర్‌లో (చుట్టుపక్కల బడుల సముదాయంలో) ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో వాకబు చేయండి.

రెండో పని, ఇతరుల తరగతిలో కూర్చోవడం. ప్రధానోపాధ్యాయుల అనుమతితో నెలకు ఒక్క పీరియడ్ చాలు. అయితే అన్నీ గమనించాలని కూర్చుంటే ఏదీ కనిపించదు కనుక ఒక్క అంశమే చూడండి. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు జవాబు కోసం ఆగే సమయం సగటున ఒక సెకను మించడం లేదనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవవుతాయనీ, మౌనంగా ఉండేవారు కూడా నోరు విప్పుతారనీ 1970లలో అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపించారు. ప్రశ్నను ఒడియాలో విని, సవరలో ఆలోచించుకుని, మళ్లీ ఒడియాలో చెప్పాల్సిన పిల్లలకు ఆ మూడు సెకన్లు కూడా చాలవు. తోటి ఉపాధ్యాయుల తరగతిలో ఆ విరామాన్ని గమనించి, తర్వాత మీ తరగతిలో వారిని కూర్చోబెట్టి గమనించమనండి.

జవాబు: సిరొంచా నుంచి

మేడమ్ గారూ, నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలో జిల్లా పరిషత్ మరాఠీ బడిలో పనిచేస్తున్నాను. ఇక్కడ పిల్లల ఇంటి భాష తెలుగు, బడి భాష మరాఠీ. జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి అక్కడ జరిగే శిక్షణ ఎంత మంచిదైనా మాకు అరుదుగానే అందుతుంది. మాకు ఆధారం కేంద్ర ప్రముఖ్ (బడుల సముదాయాన్ని పర్యవేక్షించే అధికారి) ఆధ్వర్యంలో జరిగే ఉపాధ్యాయుల సమావేశం, శిక్షణ్ పరిషద్. అది ఉత్తర్వులు చదివి వినిపించే సమావేశంగా మిగిలిపోకుండా చూడాలంటే కొత్తవాళ్లమే పూనుకోవాలి. ప్రతి ఒక్కరూ ఒక తరగతి నోటుపుస్తకాలు వెంట తెచ్చి, తప్పు జవాబులను అందరి ముందూ పెట్టడం మా పద్ధతి.

ఒక ఉదాహరణ చెబుతాను. 302 నుంచి 146 తీసివేయమంటే సరైన జవాబు 156. చాలామంది పిల్లలు 244 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసేస్తున్నారు, అంతే. అంటే వారికి ఒక నియమం ఉంది, దాన్ని క్రమం తప్పకుండా పాటిస్తున్నారు. నాలుగు బడుల పుస్తకాల్లో అదే 244 కనిపించినప్పుడు, అప్పు తెచ్చుకోవడం అనే పద్ధతిని కట్టలు విప్పి చూపకుండా చెప్పేస్తున్నామని అందరికీ అర్థమవుతుంది. ఇలాంటి చర్చకు ఖర్చేమీ ఉండదు, అందులో తేలినది మర్నాడే తరగతిలో వాడుకోవచ్చు.

డిగ్రీల గురించి ఒక్క మాట. మా రాష్ట్రంలో కొత్తగా చేరినవారు మూడేళ్లు పూర్తి జీతం లేని శిక్షణ్ సేవక్‌గా ఉండాలి. ప్రాథమిక స్థాయిలో గౌరవ వేతనం 2023లో పెంచిన తర్వాత కూడా నెలకు 16,000 రూపాయలే. ఆ స్థితిలో ఉన్నవారిని డబ్బు కట్టి ఆన్‌లైన్ ధ్రువపత్రాలు కొనుక్కోమని ప్రోత్సహించే ప్రకటనలు నాకు చాలా బాధ కలిగిస్తాయి.

జవాబు: బరంపురం ఉపాధ్యాయ శిక్షకురాలు

నిబంధనల సంగతి నేను చెబుతాను. ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ శిక్షణలు ఆ రాష్ట్ర ఉపాధ్యాయుల కోసం ఏర్పాటు చేసినవి. మీ శాఖ మిమ్మల్ని వాటికి డెప్యుటేషన్ మీద పంపదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ప్రాంతీయ సంస్థల విషయంలోనూ ఇటువంటి విభజనే ఉంది: ఒడిశాకు భువనేశ్వర్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు మైసూరు, మహారాష్ట్రకు భోపాల్. అందుచేత మీరు దృష్టి పెట్టాల్సింది భువనేశ్వర్ మీదే. తెలుగు సామగ్రి కావాలంటే దీక్షాలో ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ బోర్డును ఎంచుకుంటే అక్కడి పాఠ్యపుస్తకాలకు జోడించిన వీడియోలు చూడవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం నడిపే కార్యశాలలు కూడా గుర్తుంచుకోండి. దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది, తోలుబొమ్మల వంటి కళలను బోధనలో వాడటం అక్కడ నేర్పుతారు. స్వయంగా వెళ్లి చేరేది కాదు, శాఖ పేరు పంపాలి. కొత్తవారి పేర్లు వెళ్లకపోవడానికి తరచు కారణం వారు అడగకపోవడమే. ఆసక్తి ఉందని బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, నకలు దగ్గర ఉంచుకోండి.

డిగ్రీ విషయంలో తొందర వద్దు. చేరదలిస్తే ముందుగా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోండి. అనుమతి లేకుండా పూర్తి చేసిన చదువును తర్వాత సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవడం కష్టమవుతుంది.

తిరిగి గుణుపురం ఉపాధ్యాయిని

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సవర లెక్క గురించి మాస్టారు చెప్పిన సంగతి నా తరగతికి నేరుగా సంబంధించినది. పిల్లల ఇళ్లలో అడిగి రాసుకోవడంతో మొదలుపెడతాను. ఒక్క సందేహం మిగిలింది: ఇలా ఇళ్లలో అడిగి తెలుసుకున్నదీ, క్లస్టర్‌లో నోటుపుస్తకాలతో చేసిన చర్చా ఆ 50 గంటల్లోకి వస్తాయా?

జవాబు: బరంపురం ఉపాధ్యాయ శిక్షకురాలు

విధాన పత్రం ఆన్‌లైన్ మాడ్యూళ్లతో పాటు స్థానిక కార్యశాలలను కూడా పేర్కొంది కాబట్టి క్లస్టర్ చర్చను చేర్చమని మీరు ధైర్యంగా అడగవచ్చు. తేదీ, హాజరైనవారి సంతకాలు, చర్చించిన సమస్య, తరగతిలో చేయాలనుకున్న మార్పు ఒక పుటలో రాసి సీఆర్‌సీసీ (క్లస్టర్ సమన్వయకర్త) గారితో ధ్రువీకరింపజేయండి. ఇళ్లలో సేకరించిన సమాచారాన్ని మాత్రం విడిగా గంటలుగా చూపకండి. దాన్ని అదే సమావేశంలో సమర్పించండి. అప్పుడు మీ క్లస్టర్‌లో సవర పిల్లలకు గణితం చెప్పే మిగతావారికీ అది చేరుతుంది.