ప్రొడక్ట్ గోల్ అంటే ఫీచర్ల పట్టికేనా?

ప్రశ్న: కొత్త ప్రొడక్ట్ ఓనర్

నమస్కారం. ఆసుపత్రులలో ఓపీ టోకెన్లు ఇచ్చే యాప్‌ను తయారుచేస్తున్న బృందంలో నేను ప్రొడక్ట్ ఓనర్‌గా (ఏ పని ముందు చేయాలో నిర్ణయించే బాధ్యతలో) పనిచేస్తున్నాను. మూడు నెలలకొకసారి మేనేజ్‌మెంట్ నుంచి ఆన్‌లైన్ చెల్లింపు, వాట్సాప్ సందేశాలు, డాక్టర్ల సెలవుల క్యాలెండర్, కొత్త డ్యాష్‌బోర్డ్ అంటూ ఒక పట్టిక వస్తుంది. దాని పైన ‘ఈ క్వార్టర్ లక్ష్యాలు’ అని ఉంటుంది. వాటిని పూర్తి చేస్తూనే ఉన్నాం గాని, స్ప్రింట్ గోల్ (కొద్ది వారాల ఒక్కో పని విడతకు లక్ష్యం) రాయవలసి వచ్చినప్పుడు ‘ఫలానా టికెట్లు (నమోదైన పనులు) ముగించడం’ అని తప్ప మరొకటి తోచడం లేదు. ఈ పట్టికనే ప్రొడక్ట్ గోల్‌గా భావించవచ్చునా?

జవాబు: స్క్రమ్ మాస్టర్

ఆ పట్టిక బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయవలసిన పనుల జాబితాలో, భాగమే కాని లక్ష్యం కాదండీ. బృందాలు చిన్న విడతలుగా పనిచేసే స్క్రమ్ పద్ధతిని రూపొందించిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 2020 నవంబరులో దాని నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్‌ను సవరించినప్పుడు ప్రొడక్ట్ గోల్‌ను అందులో చేర్చారు. ప్రొడక్ట్ మున్ముందు ఏ స్థితికి చేరాలో అది చెబుతుంది. ఆ స్థితికి చేర్చే పనులు బ్యాక్‌లాగ్‌లో ఉంటాయి. ఒక గోల్‌ను సాధించిన తరువాత గాని, వదులుకున్న తరువాత గాని మరొకటి చేపట్టకూడదని కూడా గైడ్ చెబుతుంది. వదులుకోవచ్చునన్న ఆ మాటను చాలామంది గమనించరు.

మీరు ఒక ఉదయం ఏదైనా ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. ఫోన్‌లో టోకెన్ తీసుకున్న రోగి కూడా ‘డాక్టరు గారు వచ్చారా, నా నంబరు ఎప్పుడు?’ అని అడగడానికి మళ్ళీ అదే వరుసలో నిలబడుతూ ఉంటే, ‘ఆన్‌లైన్‌లో టోకెన్ తీసుకున్న రోగి కౌంటర్‌కు వెళ్ళనవసరం లేకుండా నేరుగా డాక్టరు గది దగ్గరకు చేరుకోగలగాలి’ అన్నది మీ ప్రొడక్ట్ గోల్ కాగలదు. అప్పుడు సెలవుల క్యాలెండర్ ముందుకు వస్తుంది, డ్యాష్‌బోర్డ్ వెనక్కి వెళుతుంది. ‘డాక్టరు ఆలస్యమైతే ఆ సంగతి రోగికి ఇంటి దగ్గరే తెలియాలి’ అన్నది ఒక స్ప్రింట్ గోల్ అవుతుంది. దానికి ఏ టికెట్లు కావాలో డెవలపర్లే నిర్ణయించుకోగలుగుతారు.

జవాబు: డేటా అనలిస్ట్

పై మాటతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేస్తున్నాను. ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో కొలవకుండా ‘నిరీక్షణ సమయం సగం తగ్గాలి’ వంటి అంకెను రాయకండి. ఆ అంకె ఒక్కటే కొలమానమైతే, రోగి వచ్చిన వెంటనే నొక్కవలసిన ‘హాజరు’ బటన్‌ను సిబ్బంది ఆలస్యంగా నొక్కినా నిరీక్షణ తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే దాని పక్కన మరొక కొలమానం, ఉదాహరణకు టోకెన్ తీసుకుని కూడా చూపించుకోకుండా వెళ్ళిపోయినవారి సంఖ్య, తప్పక ఉండాలి. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ రూపొందించగా, 1999లో పెట్టుబడిదారు జాన్ డోర్ గూగుల్‌కు పరిచయం చేసిన ఓకేఆర్ (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్, అంటే లక్ష్యాలు, ముఖ్య ఫలితాలు) పద్ధతిలో కూడా కీ రిజల్ట్ అంటే కొలిచి చూడగలిగిన ఫలితమే. ‘వాట్సాప్ సందేశాలు విడుదల చేయడం’ అని అక్కడ రాస్తే అది మళ్ళీ పనుల పట్టికే అవుతుంది.

జవాబు: సర్వీసెస్ కంపెనీ డెవలపర్

హైదరాబాద్‌లో మాలాగా క్లయింట్ ప్రాజెక్టులు చేసే బృందాలకు ఇది ఇంత సులువు కాదు. ఫీచర్లు కాంట్రాక్టులోనే రాసి ఉన్నప్పుడు ప్రొడక్ట్ గోల్‌ను మార్చే అధికారం మా చేతిలో ఉండదు. అయినా ప్రతి ఫీచర్ ఎవరి ఇబ్బందిని తీర్చడానికో క్లయింట్‌ను అడిగి తెలుసుకుంటే స్ప్రింట్ గోల్‌నైనా అర్థవంతంగా రాసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మేనేజ్‌మెంట్ ఆ పట్టికను వదులుకోవడానికి ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

జవాబు: స్క్రమ్ మాస్టర్

వదులుకోమని అడగకండి. గోల్‌ను ఒకే వాక్యంలో రాసి, ఆ పట్టికలోని ఒక్కొక్క అంశం దానికి ఎలా తోడ్పడుతుందో మేనేజ్‌మెంట్‌నే చెప్పమనండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు, చట్టపరమైన మార్పులు మాత్రం గోల్‌తో నిమిత్తం లేకుండా చేయవలసిందే. తరువాతి స్ప్రింట్ రివ్యూకు (విడత చివర చేసిన పనిని చూపే సమావేశానికి) కౌంటర్‌లో పనిచేసే ఒకరిని పిలవండి. ఏది ముందు చేయాలన్న చర్చ వారి ఎదుటే జరగనివ్వండి.