ఇసుక జల్లించే గోబీ చేప చిక్కిపోతోంది, ఏం చేయాలి?

200 లీటర్ల ఉప్పునీటి తొట్టి, అడుగున 5 సెంటీమీటర్ల సన్న ఇసుక. ఉప్పదనం తెలిపే సాపేక్ష సాంద్రత 1.025, నీటి వేడి 26 డిగ్రీలు, చేపలకు విషమయ్యే అమోనియా, నైట్రైట్ సున్నా. గోబీ పగలంతా ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతూనే ఉంది. అయినా పొట్ట లోపలికి పీక్కుపోయింది, తల వెనక ఎముక అంచు కనిపిస్తోంది. తొట్టి పెట్టి 3 నెలలే, ఇసుకలో ఇది తినే చిన్న చిన్న జీవులు అప్పుడే అయిపోయాయేమోనని అనుమానం.

గడ్డకట్టించి అమ్మే మైసిస్ రొయ్యలు (చేపల మేతగా వాడే చిన్న రొయ్యల్లాంటి జీవులు) కరిగించి రోజుకు 2 సార్లు వేసినా పైనున్న చేపలే అందుకుంటున్నాయి, కింద దీనిదాకా రావట్లేదు. సన్న గొట్టంతో నేరుగా బొరియ ముందు వదిలితే తింటుందా? రోజుకు ఎన్నిసార్లు? తిని కూడా చిక్కితే, కడుపులో పురుగులకు ఏ మందు, ఎంత మోతాదు? పెంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి.