“యువరాజు జాన్ ఆఫ్ గాంట్ అక్రమ సంతానం” – ఈ అనువాదం సరేనా?

ప్రశ్న:
ఇంగ్లండ్ చరిత్ర అనువాదం ఒకటి దిద్దుతుంటే ఈ వాక్యాలు తగిలాయి. “యువరాజు జాన్ ఆఫ్ గాంట్ అక్రమ సంతానాన్ని 1397లో పార్లమెంటు సక్రమం చేసింది. 1407లో ‘రాజగౌరవం మినహా’ అని చేర్చారు. ఆయన మునిమనవడే ఏడో హెన్రీ.” గాంట్ ఇంటిపేరేనా? మిగతా మాటల్లో దిద్దాల్సినవి ఉన్నాయా?

వ్యాఖ్య:
గాంట్ ఇంటిపేరు కాదండీ, పుట్టిన ఊరు. నేటి బెల్జియంలోని గెంట్ నగరాన్ని అప్పటి ఇంగ్లీషువాళ్లు పలికిన తీరు అది. 1340 మార్చిలో ఆయన అక్కడి సెయింట్ బావో మఠంలో పుట్టాడు. బతికుండగా పత్రాల్లో ఆయన లాంకాస్టర్ డ్యూకే. షేక్‌స్పియర్ నాటకం వల్ల ఊరి పేరు లోకంలో నిలిచిపోయింది. అందులో ముసలి గాంట్ తన పేరు మీద తానే శ్లేష వేసుకుంటాడు, ఎందుకంటే ఇంగ్లీషులో ఆ మాటకు బక్కచిక్కినవాడని కూడా అర్థం. తెలుగులో ఆ శ్లేష దక్కదు. కాబట్టి “గాంట్ జాన్” అనీ, “జి. జాన్” అనీ మార్చకండి. అకారాది సూచికలో “లాంకాస్టర్” కింద పెట్టండి.

వ్యాఖ్య:
ముందు “యువరాజు” కొట్టేయాలి. మన వాడుకలో రాజు కొడుకులందరూ యువరాజులు కారు. దశరథుడికి నలుగురు కొడుకులున్నా యౌవరాజ్య పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టింది రాముడికే. జాన్ తండ్రి, ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్. ఆయన పెద్దకొడుకు ఎడ్వర్డ్ వేల్స్ ప్రిన్స్, అతడే యువరాజు. అతడు 1376లో పోయాక వారసత్వం అతడి తొమ్మిదేళ్ల కొడుకు రిచర్డ్‌కి వెళ్లింది గానీ బాబాయి జాన్‌కి రాలేదు. జాన్ రాజకుమారుడు, లేదా రాకుమారుడు. ఇంకో తికమక ఉంది. జాన్ రెండో భార్య కోన్‌స్టాన్స్, నేటి స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యపు రాకుమారి. ఆమె హక్కు చూపించి 1372 నుంచి 1388 ఒప్పందం దాకా ఈయన “కాస్టీల్, లెయోన్ రాజు” అని రాసుకున్నాడు. ఆ పదహారేళ్ల పత్రాల్లో “రాజు” కనిపిస్తే ఇంగ్లండ్ రాజు అనుకోకండి.

వ్యాఖ్య:
“అక్రమ సంతానం” అంటే నేరం పిల్లల నెత్తిన పడుతుంది. “వివాహేతర సంతానం” చాలు. కోన్‌స్టాన్స్ భార్యగా ఉండగానే 1370లలో కేథరిన్ స్విన్‌ఫర్డ్‌కి పుట్టినవాళ్లు ఈ నలుగురు పిల్లలు. ఫ్రాన్స్‌లో తండ్రికి ఒకప్పుడున్న జాగీరు పేరు మీద వాళ్లకి బ్యూఫర్ట్ అన్న పేరు వచ్చింది. 1396 జనవరిలో లింకన్‌లో జాన్ కేథరిన్‌ని పెళ్లాడాడు. అదే ఏడు పోప్ ఆమోదం వచ్చింది, 1397 ఫిబ్రవరిలో రాజు పత్రం, పార్లమెంటు సమ్మతి. “ఔరసులయ్యారు” అని మాత్రం రాయకండి. పెళ్లాడిన భార్యకు పుట్టినవాడే ఔరసుడు, తర్వాత కాగితం మీద అవలేడు. “న్యాయసమ్మత సంతానంగా ప్రకటించారు” అనండి.

వ్యాఖ్య:
పై మాటకి ఒక కొసరు. అమరకోశంలో “అమృతే జారజః కుండో మృతే భర్తరి గోలకః” అని ఉంది కదా. భర్త బతికుండగా పరపురుషుడికి పుడితే కుండుడు, భర్త పోయాక పుడితే గోలకుడు. బ్యూఫర్ట్‌ల మీద సరిగ్గా ఈ తగాదాయే నడిచింది! కేథరిన్ భర్త హ్యూ స్విన్‌ఫర్డ్ 1371లో చనిపోయాడు, పెద్దవాడు జాన్ బ్యూఫర్ట్ 1373 ప్రాంతంలో పుట్టాడు. అంటే గోలకుడు. కానీ 1485లో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్, తన ప్రత్యర్థి ఏడో హెన్రీ మీద చేసిన ప్రకటనలో వాళ్లది “రెండు వైపులా వ్యభిచారం” వల్ల పుట్టిన వంశమని ఎత్తిపొడిచాడు. అంటే కుండుడు అన్నమాట. తేదీలు రిచర్డ్ వైపు లేవు. ఇంగ్లీషులో పొడుగాటి నింద, మనకి రెండు మాటలు. అయినా ఈ మాటలు చర్చకే, పాఠ్యంలో పెడితే పాఠకుడు నిఘంటువు వెతుక్కోవాలి.

వ్యాఖ్య:
అసలు చిక్కు “రాజగౌరవం మినహా” దగ్గరుంది. లాటిన్ మూలం “ఎక్సెప్టా డిగ్నిటాటే రెగాలి”. ఇక్కడ డిగ్నిటాస్ అంటే మర్యాద కాదు, పదవి. “రాజపదవి మినహా” అనాలి. వ్యాకరణం సరదా గలవారికి: ఇది సంస్కృతంలో ‘ఫలానాది అలా ఉండగా’ అని చెప్పే మన సతి సప్తమి లాంటి ప్రయోగం, లాటిన్‌లో మాత్రం పంచమీ విభక్తి వాడతారు. “రాజగౌరవం” అంటే వాళ్లకి సలాములు దక్కవన్నట్టు వినిపిస్తుంది, తీరా అడ్డుకున్నది సింహాసనాన్ని. ఆ మాటలు 1397 పత్రంలో లేవు. 1407లో జాన్ బ్యూఫర్ట్ పాత పత్రాన్ని ధ్రువీకరించమని కోరితే, సవతి అన్న, అప్పటి రాజు నాలుగో హెన్రీ చేర్పించాడు. పార్లమెంటు ఒప్పుకున్నదాన్ని రాజు ఒక్కడు పత్రంతో కుదించగలడా అన్న వాదం అక్కడే పుట్టింది. కనుక అనువాదంలో రెండు ఏళ్లనీ ఒకే వాక్యంలో కలపకండి, కలిపితే పార్లమెంటే మినహాయించిందనుకుంటారు.

వ్యాఖ్య:
“మునిమనవడు” కూడా తప్పే మాస్టారూ. లెక్క పెట్టండి: గాంట్ కొడుకు జాన్ బ్యూఫర్ట్, మనవడు సోమర్‌సెట్ డ్యూక్ జాన్, మునిమనవరాలు మార్గరెట్ బ్యూఫర్ట్, ఆమె కొడుకు ఏడో హెన్రీ. అంటే ఇనిమనవడు. ఒక తరం తగ్గితే మార్గరెట్టే మాయమైపోతుంది. 1485లో హెన్రీకి కిరీటం మీద ఉన్న హక్కంతా ఆ తల్లి వైపు నుంచే. పైగా హెన్రీకి ఎదురు నిలిచిన పక్షమూ ఈ ఇంటిదే. గాంట్ కూతురు జోన్ బ్యూఫర్ట్ బిడ్డ సిసిలీ, నాలుగో ఎడ్వర్డ్‌కీ, ఎత్తిపొడిచిన ఆ మూడో రిచర్డ్‌కీ తల్లి. రిచర్డ్ తిట్టింది తన అమ్మమ్మ పుట్టుకనే!

ప్రశ్న వేసినవారు:
ఇలా మార్చాను: “రాజకుమారుడు, లాంకాస్టర్ డ్యూక్ జాన్ ఆఫ్ గాంట్ వివాహేతర సంతానాన్ని 1397లో రాజు, పార్లమెంటు న్యాయసమ్మతులుగా ప్రకటించారు. 1407లో నాలుగో హెన్రీ ఆ పత్రాన్ని ధ్రువీకరిస్తూ ‘రాజపదవి మినహా’ అని చేర్చాడు. గాంట్ ఇనిమనవడే ఏడో హెన్రీ.” సంపాదకుడు “ఇనిమనవడు ఈ తరానికి తెలియదు” అంటున్నారు.

వ్యాఖ్య:
“మునిమనవరాలు మార్గరెట్ కొడుకే ఏడో హెన్రీ” అని రాసేయండి. తరం పోదు, మార్గరెట్టూ పోదు.