అప్‌డేట్: బ్రిక్స్‌టన్ విండ్‌మిల్‌కి వెళ్లొచ్చాను

లండన్‌లో కొత్త పోస్ట్-పంక్ (పంక్ రాక్ నుంచి పుట్టిన ఒక రకం రాక్ సంగీతం) బ్యాండ్లను దగ్గరగా ఎక్కడ వినొచ్చు, ఒక్కదాన్నే వెళ్లొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. మీలో చాలామంది చెప్పిన, దక్షిణ లండన్‌లో బ్రిక్స్‌టన్ అనే చోట ఉన్న విండ్‌మిల్‌కే వెళ్లాను. 1816లో కట్టిన గాలిమరకి దగ్గర్లో ఉన్న చిన్న పబ్ అది. షేమ్, గోట్ గర్ల్, బ్లాక్ మిడి లాంటి బ్యాండ్లు పేరు రాకముందు వాయించింది ఇక్కడే.

నేను విన్న బ్యాండ్‌కి ఇంకా ఆల్బమ్ కూడా లేదు. కానీ ఆ బాస్ గిటార్! పాటంతా మోసేది అదే. పాడే అమ్మాయి సగం పాటని మాట్లాడినట్టే చెబుతుంది. స్టేజీకి రెండడుగుల దూరంలో నిలబడితే డ్రమ్స్ గుండెలో మోగాయి. ఒంటరిగా వచ్చానన్న టెన్షన్ రెండో పాటకే పోయింది.

ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లమన్నవాళ్లకి చాలా థాంక్స్, నిజంగా అవసరమయ్యాయి. వచ్చే నెల ఆ బ్యాండ్ మళ్లీ వాయిస్తోంది, టికెట్ కొనేశాను.